కార్పెట్ కింద ఏముంది?
మోటార్‌హోమ్ నేల మార్చుకున్న కథ

(సభల రెండో రోజు, విశ్రాంత ప్రవాసుల వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో అష్టావధానం జరుగుతోంది. కింద చీరల దుకాణాలున్నాయి. ఆ రెండూ వదులుకుని, మోటార్‌హోమ్‌లో కార్పెట్ పీకి వినైల్ పరచడం గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు రెండే కారణాలు తోస్తున్నాయి. మీకు మోటార్‌హోమ్ ఉండి ఉండాలి, లేదా ఈ గదిలో ఏసీ బాగా పనిచేస్తూ ఉండాలి. ఏ కారణమైనా సరే, వచ్చినందుకు సంతోషం.

మాది మిషిగన్. ముప్ఫై ఏళ్లు కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. 2019లో ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాం. 2006లో తయారైనది, 29 అడుగుల పొడవు, ఫోర్డ్ ఈ-450 చాసీ మీద కట్టిన క్లాస్ సి బండి. అంటే ముందు భాగం వ్యాను, వెనక భాగం ఇల్లు. పక్కకు జరిగే స్లైడౌట్ ఒకటి ఉంది. ఎందుకు కొన్నామని అడిగినవాళ్లందరికీ మా ఆవిడ ఒకటే జవాబు చెప్పేది: "మా పప్పు, మా చారు, మా పరుపు, మా బాత్రూము. ఇంకేం కావాలండీ?" పిల్లల్లో ఒకరు డెన్వర్‌లో, ఒకరు డాలస్‌లో ఉన్నారు. విమానాశ్రయంలో అప్పట్లో బూట్లు విప్పి నిలబడాల్సి వచ్చేది, ఆ వయసు మాకు దాటిపోయింది.

రెండు వేసవులు బాగానే గడిచాయి. 2021 సెప్టెంబరు నుంచి ఒక సంగతి గమనించాం. బండిలో రెండో రాత్రి గడిచేసరికి మా ఆవిడకు దగ్గు మొదలయ్యేది. మూడో రాత్రికి పిల్లికూతలు. ఇంటికొచ్చిన నాలుగు రోజులకు తగ్గిపోయేది. ఎలర్జీ డాక్టరు చర్మం మీద పరీక్షలు చేసి, దుమ్ము పురుగులు, బూజు, ఈ రెండూ పడవని తేల్చారు. "మీరు పడుకునే చోట కార్పెట్ ఉందా?" అని అడిగారు. "ఇంట్లో లేదండీ, చక్రాల మీద ఉంది" అన్నాను. ఆమె నవ్వారు గాని, కాగితం మీద రాసింది మాత్రం స్పష్టంగానే రాశారు. కార్పెట్ తీసెయ్యండి, తడి ఎక్కడినుంచి వస్తోందో చూడండి.

అంటే మా ముందు రెండు దారులున్నాయి. బండి అమ్మెయ్యడం, లేదా నేల మార్చడం. స్నేహితుల్లో చాలామంది అమ్మెయ్యమనే చెప్పారు. మా ఆవిడ మాత్రం, "బండి కావాలా, నేను కావాలా అని నేను అడగను. ఆలోచించి చెబుతానంటారు మీరు" అంది. ఆ మాటతో నేల మార్చాలన్న నిర్ణయం అయిపోయింది.

పనిముట్ల దగ్గరికి వెళ్లే ముందు, అసలు మోటార్‌హోమ్‌లో కార్పెట్ ఎందుకు వేస్తారో చెప్పాలి. కంపెనీవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కార్పెట్ తేలిక, చవక. స్టేపిల్ తుపాకీతో ఒక పూటలో బిగించేయొచ్చు. ప్లైవుడ్ అతుకుల్లో ఎగుడుదిగుళ్లు ఉన్నా కప్పేస్తుంది. రోడ్డు మోత తగ్గిస్తుంది. చలికాలం పాదాలకు వెచ్చగా ఉంటుంది. షోరూములో అడుగు పెట్టగానే ఇల్లులా అనిపిస్తుంది. ఇన్ని సుగుణాలున్నది పదిహేనేళ్ల తరవాత ఏమవుతుంది? క్యాంపుగ్రౌండు మట్టి, కుక్క వెంట్రుకలు, వంట ఆవిరి, మనుషుల ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పొట్టే దుమ్ము పురుగులకు తిండి. గాలిలో తేమ సగానికి మించి ఉంటే వాటికి పండగ. కంటికి కనపడవు, వ్యాక్యూమ్‌కు పూర్తిగా దొరకవు. ఇంట్లో అయితే గదులు పెద్దవి, గాలి ఆడుతుంది. మోటార్‌హోమ్‌లో మనం పడుకునే మంచానికి, ఆ కార్పెట్‌కు మధ్య రెండడుగుల ఎత్తే.

ఒక షాపువాళ్లను పిలిచి అంచనా అడిగాం. 5,800 డాలర్లు, మూడు నెలల తరవాత అన్నారు. అది కాదు నన్ను ఆపింది. "కింది ప్లైవుడ్ చూస్తారా?" అని అడిగితే, "అది వేరే పని, మేం పైన పరిచి వెళతాం" అన్నారు. అక్కడే వాళ్లకు నమస్కారం పెట్టాను.

ఎందుకో చెబుతాను. మాది ఇప్పటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దగ్గర పల్లె. మా వైపు నాపరాయే పంట. మా చిన్నతనంలో ఇంటి నేల అలుకుతో ఉండేది, తరవాత బండలొచ్చాయి. బండలు పరిచే బేల్దారి మేస్త్రి పరిచాక ఒక పని తప్పకుండా చేసేవాడు. తాపీ పిడితో ప్రతి బండనూ కొట్టి చెవి పెట్టి వినేవాడు. గట్టి శబ్దం వస్తే సరే. డొల్ల శబ్దం వస్తే ఆ బండ లేపి, కింద మళ్లీ సర్ది, మళ్లీ పరిచేవాడు. బండ ఎంత గట్టిదైనా కింద డొల్ల ఉంటే పగులుతుందని వాడికి తెలుసు. మోటార్‌హోమ్ నేలకైనా అదే సూత్రం. ఇంకా ఎక్కువ కూడా. ఎందుకంటే కార్పెట్ కింద తడి చేరితే వాసన వస్తుంది, మరక కనిపిస్తుంది. వినైల్ నీటిని ఇటు నుంచి అటు పోనివ్వదు, అటు నుంచి ఇటు రానివ్వదు. కింద తడి ఉండగా పైన వినైల్ పరిచారంటే గిన్నె మీద మూత పెట్టినట్టే. లోపల ప్లైవుడ్ ఉడికి ఉడికి కుళ్లుతుంది, పైన నేల మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. ఈ రోజు నేను చెప్పేదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: కింద ఏముందో చూడకుండా పైన ఏదీ పరచకండి.

2022 మే నెలలో పని మొదలుపెట్టాం. మా ఆవిడను అమ్మాయి దగ్గరికి పంపించాను. కార్పెట్ పీకేటప్పుడు లేచే దుమ్ము మామూలుది కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ వారం బండి ఛాయలకు రాకూడదు. నాకు, సాయం వచ్చిన మా అబ్బాయికి ఎన్-95 మాస్కులు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, మోకాళ్లకు మెత్తలు. అరవై దాటినవాళ్లు మాస్కు లేకుండానైనా వస్తారేమో గాని, మోకాలి మెత్తలు లేకుండా మాత్రం రాకండి.

కార్పెట్‌ను అడుగున్నర వెడల్పు పట్టీలుగా కత్తితో కోసి, నీళ్లు కొద్దిగా చిలకరించి, చాప చుట్టినట్టు చుట్టి బయటికి పంపాం. ఒక జాగ్రత్త ఉంది. చాలా బళ్లలో ముందు నేల పరిచి, దాని మీద అల్మారాలు నిలబెడతారు. అంటే కార్పెట్ అల్మారాల కిందికి పోయి ఉంటుంది. లాగితే రాదు. అంచు వెంట కోసి వదిలెయ్యాలి. అల్మారాలు పీకే పని పెట్టుకోవద్దు.

ఇక స్టేపిల్స్. కార్పెట్ తీయడం ఒక పూట పని, స్టేపిల్స్ తీయడం మూడు రోజుల పని. సన్నమూతి పట్టకారు, చదును స్క్రూడ్రైవరు, ఓర్పు, ఈ మూడూ కావాలి. తొమ్మిదేళ్ల మా మనవరాలు వాటిని ఖాళీ పచ్చడి సీసాలో వేసి లెక్కపెట్టింది. 1,312. ఆఖరున ఒక అయస్కాంతం నేల మీద తిప్పితే ఇంకో గుప్పెడు వచ్చాయి. ఒక్కటి మిగిలినా అది వినైల్‌ను కింద నుంచి పొడుస్తుంది. పట్టుచీర కింద గులకరాయి దాగదు, పల్చటి వినైల్ కింద స్టేపిల్ దాగదు.

నేల బయటపడ్డాక బేల్దారి పని మొదలు. స్క్రూడ్రైవరు పిడితో అడుగడుక్కీ కొట్టి విన్నాను. మొనతో పొడిచి చూశాను. ఎక్కడ చూడాలో ముందే చెప్పుకోవచ్చు: మెట్ల తలుపు దగ్గర, టాయిలెట్ చుట్టూ, సింకు కింద, కిటికీల కింద, స్లైడౌట్ మూలల్లో. మా బండిలో భోజనాల బల్ల కింద, స్లైడౌట్ వెనక మూలలో, మొన వెన్నలో దిగినట్టు దిగింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు మేర ప్లైవుడ్ నల్లబడి, పొరలు విడిపోయి, పుట్టగొడుగు వాసన. తేమ కొలిచే మీటరు ముప్ఫై డాలర్లకు దొరుకుతుంది. దాన్ని గుచ్చితే 28 శాతం చూపించింది. ఎండు చెక్కలో పది పన్నెండు ఉండాలి. ఇరవై దాటితే కుళ్లుకు తలుపు తెరిచినట్టే. మా ఆవిడ నిద్రపోయే తల దిండుకు అది ఏడడుగుల దూరం. దగ్గుకు జవాబు ఆ మూలలో కూర్చుని ఉంది.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియకుండా చెక్క మార్చి లాభం లేదు. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయట గొట్టంతో నీళ్లు వదలాలి. కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా పారి, ఏ కంతలోంచి వచ్చాయో తెలియదు. ఇరవై నిమిషాలకు దొరికింది. స్లైడౌట్ చుట్టూ ఉండే రబ్బరు సీలు వెనక మూలలో రెండంగుళాలు చిరిగి ఉంది. అంతే. పదహారేళ్ల బండిని దాదాపు నేలకూల్చబోయింది రెండంగుళాల రబ్బరు. సీలు మార్చి, పైకప్పు అతుకుల దగ్గర ఎండిపోయిన సీలెంటు గోకి కొత్తది వేసి, మళ్లీ నీళ్లు వదిలి చూశాం. చుక్క రాలేదు.

కుళ్లిన చెక్క కోసి తీసేశాం. బ్లీచు పూసి వదిలెయ్యొద్దు. పైన తెల్లబడుతుంది, లోపల బూజు లోపలే ఉంటుంది. కోసే పరికరం బ్లేడు లోతు ప్లైవుడ్ మందానికి మించకుండా పెట్టుకోవాలి. ఎందుకంటే దాని కింద కరెంటు వైర్లు, నీటి గొట్టాలు, ట్యాంకులు ఉంటాయి. మురుగు ట్యాంకుకు కన్నం పడితే ఆ కథ ఈ వేదిక మీద చెప్పుకునేది కాదు. ఫ్యాను, డీహ్యూమిడిఫయరు పెట్టి తొమ్మిది రోజులు ఎండబెట్టాం. మీటరు 11 చూపించేదాకా చెక్క ముట్టుకోలేదు. మా అల్లుడుగారు ఫోనులో, "ఇంకా ఎండుతూనే ఉందా మామయ్యగారూ? వడియాలు పెట్టారా ఏమిటి?" అని అడిగారు.

కొత్త ప్లైవుడ్ కొనేటప్పుడు ఒక సంగతి చూడండి. 2005లో కత్రినా తుపాను బాధితులకు ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్లలో ఉన్నవాళ్లకు కళ్లమంటలు, ఆయాసం వచ్చిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 2008లో సీడీసీ 519 ట్రెయిలర్ల గాలి పరీక్షించి, ఫార్మాల్డిహైడ్ సగటున 77 పీపీబీ ఉందని చెప్పింది. మామూలు ఇళ్లలో ఉండేదానికన్నా అది చాలా ఎక్కువ. ఆ వాయువు ప్రధానంగా వచ్చేది చౌక చెక్క పలకలను అతికించే జిగురులోంచి. 2010లో దాని మీద చట్టం వచ్చింది. ఇప్పుడు ఈ దేశంలో అమ్మే హార్డ్‌వుడ్ ప్లైవుడ్ మీద 'టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్' ముద్ర ఉండాలి. చూసి కొనండి. వినైల్‌లోనూ మెత్తదనం కోసం థాలేట్లు కలిపేవారు. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాలు 2015లో వాటిని తమ వినైల్ నేలల నుంచి తీసేయిస్తామని ప్రకటించాయి. 'ఫ్లోర్‌స్కోర్' గుర్తు ఉన్నది తీసుకుంటే గాలిలోకి వదిలే రసాయనాలకు పరీక్ష జరిగినట్టు. ఊపిరి కోసమే కార్పెట్ తీస్తున్నాం కనక, కొత్తగా ఇంకొకటి తెచ్చిపెట్టుకోకూడదు గదా.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: ఏ వినైల్?

వినైల్ మనకు కొత్త కాదు. రైలు పెట్టెలో కాళ్ల కింద ఉండేది ఆ జాతిదే. దాని తాత లినోలియం. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అవిశెనూనెతో చేశాడు. ఇప్పుడు దుకాణంలో మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, గొళ్లెంలా ఒకదానిలో ఒకటి ఇరికే గట్టి పలకలు. చూడ్డానికి చెక్కలా అందంగా ఉంటాయి. ఇంట్లోకి చాలా మంచివి. కాని బరువు చదరపు అడుగుకు ఒకటిన్నర నుంచి రెండు పౌన్లు. ఎండకు సాగుతాయి, చలికి ముడుచుకుంటాయి. మా మిషిగన్‌లో ఫిబ్రవరి రాత్రి బండి బయటే ఉంటుంది. జులైలో ఎరిజోనాలో తలుపులు మూసి పార్కు చేస్తే లోపల కుంపటి. ఆ రెండు కొసల మధ్య అతుకులు విచ్చుకునే ప్రమాదం ఉంది. పెట్టె మీద సన్నక్షరాలు చదవండి. మోటార్‌హోమ్‌లో వేస్తే వారంటీ వర్తించదని చాలావాటి మీద ఉంటుంది. రెండు, వెనక జిగురు ఉండే పలకలు. చవక, తేలిక, ఒక్కడే వేసుకోవచ్చు. కాని వేడికి జిగురు కరిగి పలక జరుగుతుంది, అతుకు అతుకుకూ నీళ్లకు దారి. మూడు, వెనక ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న షీటు. చుట్టగా వస్తుంది. పన్నెండడుగుల వెడల్పు దొరుకుతుంది. మోటార్‌హోమ్ లోపలి వెడల్పు ఏడున్నర అడుగులకు అటూ ఇటూ కనక మధ్యలో ఒక్క అతుకు కూడా ఉండదు. బరువు అర పౌనుకు అటూ ఇటూ. మేం తీసుకున్నది ఇదే.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోకండి. డ్రైవరు తలుపు దగ్గరో, అల్మారా లోపలో ఒక స్టిక్కరు ఉంటుంది. బండి ఎంత బరువు మోయగలదో అందులో రాసి ఉంటుంది. నలభై గ్యాలన్ల నీళ్లే 330 పౌన్లు. నూట యాభై చదరపు అడుగులకు ఇంట్లో వేసే సిరామిక్ టైల్స్ వేశారనుకోండి, 600 పౌన్లు దాటుతుంది. అంటే నలుగురు పెద్దమనుషులను ఎప్పుడూ నేల మీద పడుకోబెట్టి తిప్పుతున్నట్టు. టైర్లకు, బ్రేకులకు ఆ లెక్క తెలుస్తుంది. మేం తీసిన కార్పెట్, దాని కింది మెత్త కలిపి తూస్తే 131 పౌన్లు. పరిచిన వినైల్ 70 దాటలేదు. ఆ మిగిలిన అరవై పౌన్లలో బియ్యం బస్తా పడుతుందని మా ఆవిడ వెంటనే లెక్క కట్టింది.

స్లైడౌట్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. గది లోపలికి జరిగేటప్పుడు దాని అడుగు, పెద్ద నేల మీదుగా జారుతుంది. మధ్యలో సందు ఎంతుందో కంటికి కనపడదు. కార్పెట్ నలిగి దారి ఇస్తుంది. వినైల్ నలగదు, చిరుగుతుంది. ఆ సందు కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. చపాతీ పిండి గట్టిగా కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, స్లైడౌట్ దారిలో అయిదారు చోట్ల పెట్టండి. గది లోపలికి జరపండి, మళ్లీ బయటికి తీయండి. నలిగిన పిండి ఎంత మందం మిగిలిందో అదే మీ సందు. ఇంజన్లలో బేరింగు సందు కొలవడానికి మేం మైనపు తీగ పెట్టేవాళ్లం. ఇదీ అదే విద్య. మా బండిలో అన్నిటికన్నా తక్కువ నలిగి మిగిలింది 9 మిల్లీమీటర్లు. షీటు మందం 2. నిశ్చింతగా పరిచాం. కొన్ని బళ్లలో స్లైడౌట్ చిన్న చక్రాల మీద జరుగుతుంది. ఆ చక్రాల దారిలో నున్నటి గట్టి ప్లాస్టిక్ పట్టీ వెయ్యాలి, లేకపోతే వినైల్ మీద గాడి పడుతుంది.

కొలత తియ్యడానికి దర్జీ పద్ధతే. మందపాటి కాగితాలు నేల మీద పరిచి, టేపుతో అతికి, అల్మారాల వంపులన్నీ గీసి, మొత్తం నేలకు ఒక కాగితపు నమూనా చేశాం. గరాజులో షీటు పరిచి, నమూనా దాని మీద పెట్టి కోశాం. షీటు ముందు రెండు రోజులు గరాజు వెచ్చదనంలో విప్పి ఉంచాలి. చలిలో కోస్తే చీలుతుంది. స్టేపిల్ గుంతలు, చెక్క అతుకులు అన్నీ ప్యాచింగ్ సిమెంటుతో పూడ్చి, రుద్ది, అరచేత్తో తడిమి చూశాకే లోపలికి తెచ్చాం. మొత్తం నేలకు జిగురు పుయ్యలేదు. అంచుల్లో రెండు వైపులా అంటే టేపు, పైన సన్నటి చెక్క పట్టీలు. ఆ పట్టీలు కూడా గోడకే కొట్టాలి, నేలకు కాదు. షీటుకు సాగడానికి, ముడుచుకోవడానికి చోటు ఉండాలి.

ప్రాణానికి సంబంధించినవి మూడు ఉన్నాయి. కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఒకటి, గ్యాసు డిటెక్టరు. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకయితే నేల మట్టానికి దిగుతుంది. అందుకే ఆ డిటెక్టరు నేలకు దగ్గరగా బిగిస్తారు. పనికోసం తీసినా, ఎక్కడిది అక్కడే, అంతే ఎత్తులో పెట్టి, బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి. దాని ముందు సామాను పెట్టి కప్పెయ్యొద్దు. రెండు, సీటు బెల్టులున్న సీట్లు. వాటి బోల్టులు నేల గుండా చట్రం దాకా పోతాయి. కార్పెట్ కోసం వాటిని విప్పవద్దు. చుట్టూ కోసుకోండి. విప్పక తప్పకపోతే తెలిసినవాళ్ల చేత బిగించుకోండి. మూడు, డ్రైవరు కాళ్ల దగ్గర. అక్కడ, ఇంజను మూత మీద ఉన్న కార్పెట్ మేం తియ్యలేదు. అది ఇంజను వేడిని, మోతను ఆపే పొర. పెడళ్ల కింద జారే చాపలు కూడా వెయ్యకండి. బ్రేకు కిందికి చాప జారితే ఇక చెప్పేదేముంది?

వినైల్ వచ్చాక పోయినవేమిటో కూడా చెప్పాలి. మోత పెరిగింది. గిన్నెల చప్పుడు ఇదివరకటికన్నా బాగా వినిపిస్తుంది. పొద్దున్నే నేల చల్లగా తగులుతుంది. దానికి ఉతుక్కునే జంపఖానాలు వేశాం, వారానికోసారి వేడినీళ్లలో ఉతుకుతాం. రబ్బరు అడుగున్న చాపలు వెయ్యకండి. రబ్బరు, వినైల్ కలిస్తే పచ్చటి మరక పడుతుంది, పోదు. అలాగని జారే గుడ్డ పరిస్తే మన వయసుకు తుంటి ఎముక ఖర్చు. వినైల్‌కు పనికొస్తుందని రాసి ఉన్న జారని అడుగు విడిగా దొరుకుతుంది. మెట్ల అంచులకు గరుకు పట్టీ తప్పనిసరి. ఇక పసుపు పడితే వెంటనే తుడవండి. అప్పటికీ చార మిగిలితే కంగారు పడకండి, ఎండ తగిలే చోటైతే నాలుగు రోజుల్లో దానంతటదే వెలుస్తుంది. పసుపు ఎండకు ఆగదని చీర ఆరేసిన ఆడవాళ్లందరికీ తెలుసు.

ఖర్చు: షీటు 378 డాలర్లు, ప్లైవుడ్ 60, ప్యాచింగ్ 35, పట్టీలు, టేపు 90, సీలు, సీలెంటు 40, పనిముట్లు 110. మొత్తం 713 డాలర్లు, 2022 ధరల్లో. ఎండబెట్టిన తొమ్మిది రోజులు కాక, పని పదకొండు రోజులు. అమ్మితే ఆ డబ్బు తిరిగి వస్తుందని నేను చెప్పను. రాకపోవచ్చు. అందరూ ఈ పని చెయ్యాలనీ చెప్పను. కార్పెట్ ఎత్తి చూస్తే కుళ్లు ఒక మూలలో కాక నేలంతా పాకి ఉందనుకోండి, గోడల్లోకి కూడా ఎక్కిందనుకోండి, అప్పుడు వినైల్ మాట మరిచిపోయి బండి మాట ఆలోచించాలి. ఆ నిజం తెలిసినా మేలే. వెయ్యి మైళ్ల దూరంలో తెలియడం కన్నా ఇంటి ముందు తెలియడం నయం.

జూన్‌లో మా ఆవిడ బండెక్కింది. చెప్పులు మెట్ల దగ్గరే విప్పి, లోపలికొచ్చి, ఒక్క మాట కూడా అనకుండా తడిగుడ్డ తీసుకుని నేలంతా ఒకసారి తుడిచింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో అది మెచ్చుకోలు అని నాకు అర్థమయ్యేంత అనుభవం ఉంది. మొదట రెండు రాత్రులు లేక్ మిషిగన్ ఒడ్డున ఉండి చూశాం. తరవాత ధైర్యం చేసి డెన్వర్‌కు బయల్దేరాం. నాలుగు రాత్రులు. ఇన్హేలరు సంచిలోనే ఉంది, ఇప్పటికీ ఉంటుంది. పుప్పొడి రోజుల్లో వాడుతుంది కూడా. నేల మారిస్తే జబ్బు పోతుందని ఏ డాక్టరూ చెప్పరు, నేనూ చెప్పను. కాని ఆ నాలుగు రాత్రులూ పిల్లికూతలు లేవు. ఆ తరవాత వేసవుల్లోనూ రాలేదు. చక్రాల మీది కాపురం మాకు మిగిలింది.

మిత్రులారా, మన వయసులో చాలా వాటిని పైన కప్పేసి నడిపించేస్తుంటాం. మోకాలి నొప్పి కావచ్చు, రాయని వీలునామా కావచ్చు. అవన్నీ నా పరిధి కాదు. నా పరిధి ఇరవై అడుగుల నేల. దాని గురించి మాత్రం ఒక పని అప్పగించి దిగిపోతాను. మోటార్‌హోమ్ ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లగానే, మెట్ల తలుపు పక్కన కార్పెట్ మూల ఒక్కటి పట్టకారుతో ఎత్తి చూడండి. ముక్కు దగ్గర పెట్టండి. స్క్రూడ్రైవరు పిడితో నాలుగు చోట్ల కొట్టి వినండి. గట్టిగా పలికితే మూల దింపి హాయిగా ప్రయాణం చేయండి. డొల్లగా పలికితే ఈ సంచికలో ఈ పేజీ మడిచి పెట్టుకోండి.

ఇక ప్రశ్నలడగండి. చపాతీ పిండి ఎంత గట్టిగా కలపాలన్న ప్రశ్న మాత్రం మూడో వరసలో కూర్చున్న మా ఆవిడను అడగాలి.

సెలవు.